పన్నెండు సెంటీమీటర్ల అల

బిట్రగుంట రైలు వల్ల పెరిగిన ఊరు. నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో, కావలికి దక్షిణాన, సముద్రానికి దగ్గర్లో ఉంటుంది. మద్రాసును బెజవాడతో కలిపిన లైను 1899 నాటికి పూర్తయింది. ఆవిరి ఇంజన్ల కాలంలో ఆ దారిలో ఇక్కడొక పెద్ద లోకో షెడ్డు, యార్డు, వాటిలో పనిచేసేవాళ్ళ కోసం రైల్వే కాలనీ వెలిశాయి. డీజిల్ ఇంజన్లు, ఆ తర్వాత కరెంటు ఇంజన్లు వచ్చాక షెడ్డుకు పని పోయింది. మిగిలినవి ఆ కాలపు కట్టడాలు: మందపాటి ఇటుక గోడలు, ఎత్తయిన పైకప్పులు, లోతైన వరండాలు. నెల్లూరు ఎండను లోపలికి రానివ్వకూడదని కట్టిన గోడలవి. ఈ రోజుల్లో అవి ఎండతో పాటు ఇంకొకదాన్నీ ఆపుతున్నాయి.

ఇలాంటి ఇంట్లో వైఫై పెట్టించుకుంటే సాధారణంగా జరిగేది ఇది. బయటి స్తంభం నుంచి సన్నటి నల్ల తీగ వీధి గుమ్మం దాకా వస్తుంది. తీగ ఎక్కడ లోపలికి దూరిందో అక్కడే, తలుపు పక్క గోడకు పెట్టె బిగిస్తారు. చదువుకునే పిల్లల కంప్యూటరు మాత్రం వెనక గదిలో ఉంటుంది. మధ్యలో రెండు గోడలు, ఒక బీరువా, ఒక ఫ్రిజ్. వారం తిరక్కుండానే "నెట్ రావడం లేదు" అన్న మాట మొదలవుతుంది, కంపెనీకి ఫోన్లు వెళ్తాయి. చాలాసార్లు కంపెనీ పంపింది పంపినట్టే గుమ్మం దాకా వచ్చి ఉంటుంది. పోయేది గుమ్మం నుంచి వెనక గదికి మధ్యనున్న ముప్పై అడుగుల్లో. ఈ అధ్యాయం ఆ ముప్పై అడుగుల గురించి. ఆ పెట్టె ఒక చిన్న రేడియో కేంద్రం. దానికి ఇంజనీరు ఆ ఇంటివాళ్ళే. కేంద్రం ఎక్కడ ఉండాలో నిర్ణయించాల్సింది తీగ దూరిన కన్నం కాదు, వాళ్ళే.

గుమ్మం దాకా వచ్చే తీగ సంగతి ముందు చెప్పుకుందాం. అందులో కరెంటు ఉండదు, వెలుగు ఉంటుంది. వెంట్రుకంత గాజు పోగులో కంటికి కనిపించని పరారుణ కాంతి ఆరుతూ వెలుగుతూ ప్రయాణిస్తుంది. గాజులో దాని వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. బిట్రగుంట నుంచి చెన్నైకి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు గనక, ఈ చివర నుంచి ఆ చివరకు పట్టేది సెకనులో వెయ్యో వంతు. రైలు పట్టాల వెంట ఇలాంటి గాజు తీగలు పరిచి సేవలు అందించేందుకు 2000లో రైల్‌టెల్ ఏర్పడింది. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌తో మొదలై, దేశంలో 6,100కు పైగా స్టేషన్లకు వైఫై చేరింది ఈ తీగల మీదనే. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ ఇంకో దారి పట్టింది. భూమిని తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగి, 2017 డిసెంబరు 27న లాంఛనంగా ప్రారంభమై, నెలకు 149 రూపాయలకు నెట్టు, టీవీ, ఫోను కలిపి ఇచ్చింది. పల్లెటూరి ఇంటి గోడకు వైఫై పెట్టె ఎక్కడానికి అది బాగా తోడ్పడింది.

ఇళ్ళకు ఫైబర్ ఇచ్చే పద్ధతుల్లో ఎక్కువగా వాడేదాని పేరు జీపాన్. వీధి చివర ఒక్క పోగును చీల్చి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో ఇస్తారు. కిందికి వచ్చే 2.5 గిగాబిట్లను అందరూ పంచుకుంటారు. పైకి పంపేటప్పుడు మాత్రం ఏ ఇంటి పెట్టె ఏ క్షణంలో మాట్లాడాలో అవతలి కేంద్రం ముందే నిర్ణయిస్తుంది. తీగలో ఉన్న ఈ క్రమశిక్షణ గాలిలో ఉండదు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

గాలిలోకి వచ్చేది రేడియో తరంగం. 1895లో కలకత్తా టౌన్‌హాలులో జగదీశ్ చంద్ర బోస్ ఇలాంటి తరంగాలనే నలుగురి ముందు పంపి చూపించాడు. మధ్యలో గోడలున్నా 75 అడుగుల దూరంలో గంట మోగింది, మందుగుండు పేలింది. ఆయన ప్రయోగాల్లో తరంగాల పొడవు మిల్లీమీటర్లలోకి దిగింది. మన ఇంటి వైఫై వాడేవి అంతకంటే పొడుగు. 2.4 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 240 కోట్ల సార్లు ఊగే తరంగం. దాని పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ దగ్గర అందులో సగానికి తగ్గుతుంది. ఇంట్లో వైఫై చేసే పనుల్లో చాలావాటికి కారణం ఈ పన్నెండున్నర సెంటీమీటర్లలో దొరుకుతుంది.

దోమల కోసం కిటికీలకు కొట్టించే ఇనుప జాలీనే తీసుకోండి. గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది, కాబట్టి సిగ్నలూ వస్తుందని అనుకుంటాం. కానీ జాలీ కన్నాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు, అల పన్నెండు సెంటీమీటర్లు. తనకంటే అంత చిన్న కన్నాలున్న లోహాన్ని ఈ తరంగం రేకుగానే లెక్కిస్తుంది, తగిలి వెనక్కి వెళ్ళిపోతుంది. మైక్రోవేవ్ పొయ్యి తలుపు అద్దం వెనక చిల్లుల రేకు పెట్టేది ఈ కారణంతోనే. ఆ పొయ్యి కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. నైలాన్ జాలీతో ఈ బాధ లేదు. స్టీలు బీరువా వెనక పెట్టిన కంప్యూటరుకు నేరుగా ఏదీ అందదు, పక్క గోడలకు తగిలి తిరిగొచ్చిన తరంగమే దిక్కు. ఫ్రిజ్, నీళ్ళ డ్రమ్ము, నిలువుటద్దం వెనకనున్న లోహపు పూత, ఇవన్నీ అడ్డే. మిద్దె మీద గది ఉంటే స్లాబులోని ఇనుప కడ్డీలు అడ్డం. వానాకాలంలో నీళ్ళు పీల్చుకున్న ఇటుక గోడ ఎండిన గోడకంటే ఎక్కువ మింగుతుంది.

ఎంత మింగుతుందో కొలవడానికి ఇంజనీర్లు డెసిబెల్ లెక్క వాడతారు. కష్టమైనదేం కాదు. 3 డెసిబెల్‌లు పోతే బలం సగమవుతుంది, 10 పోతే పదో వంతు, 20 పోతే వందో వంతు. రూటరు, అంటే ఆ పెట్టె, బయటికి పంపేది సుమారు పదో వంతు వాట్ అనుకుందాం. అడ్డేమీ లేకపోయినా దూరం రెట్టింపైతే అందే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఆపైన తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఒక్కొక్కటీ 10 డెసిబెల్‌లు తినేసిందనుకుంటే, రెండు గోడల అవతల మిగిలేది వందో వంతు. సిగ్నల్ బలాన్ని చూపించే ఉచిత యాప్‌లు ఫోన్లలో ఉన్నాయి. పెట్టె దగ్గర నిలబడి చూస్తే మైనస్ 30, 40 కనిపిస్తుంది. వెనక గదిలోకి వెళ్తే మైనస్ 70. ఇవి మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్‌లు. ఆ మైనస్ 70కి అర్థం, బయల్దేరిన బలంలో వంద కోట్లలో ఒక వంతు మాత్రమే చేరిందని. అయినా కంప్యూటరు అందులోంచి మాట పట్టుకోగలదు. నాకు ఈ విషయం ఎప్పుడు చెప్పుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది. మైనస్ 80 దాటితే మాత్రం దానికీ కష్టమే. మైనస్ 65 కంటే సున్నా వైపుకు ఉండేలా చూసుకుంటే వీడియో పాఠం ఆగకుండా నడుస్తుంది.

ఆ యాప్ పట్టుకుని గదిలో కొద్దిగా అటూ ఇటూ జరిగితే ఇంకో విశేషం కనిపిస్తుంది. బెత్తెడు జరిగితే చాలు, అంకె మారిపోతుంది. నేరుగా వచ్చిన అల, గోడకు తగిలి ఆలస్యంగా వచ్చిన అల కొన్ని చోట్ల కలిసి బలపడతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఈ రెండు రకాల చోట్ల మధ్య దూరం అల పొడవులో సగమో పావో ఉంటుంది. చాలాకాలం రేడియో ఇంజనీర్లు ఈ ప్రతిధ్వనులను పీడగానే చూశారు. భారత నౌకాదళంలో పనిచేసి, తర్వాత స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ 1990ల మొదట్లో దీన్ని తిరగేసి ఆలోచించాడు. వేర్వేరు దారుల్లో వచ్చే అలలను వేర్వేరు యాంటెన్నాలతో విడదీసి పట్టగలిగితే, ఒకే పౌనఃపున్యం మీద ఒకేసారి రెండు మూడు వరుసల సమాచారం పంపవచ్చు. మైమో అనే ఈ పద్ధతి 2009లో వైఫై ప్రమాణంలోకి వచ్చింది. రూటరుకు రెండు, నాలుగు కొమ్ములు ఉండటానికి ముఖ్య కారణం ఇదే. నిలువుగా నిలబెట్టిన కొమ్ము చుట్టూ అడ్డంగా ఎక్కువ పంపుతుంది, నెత్తి మీదికి, కిందికి తక్కువ. మిద్దె మీద గది కూడా ఉంటే ఒక కొమ్మును పక్కకు వాల్చండి.

ఇప్పటిదాకా చెప్పింది ఒక పెట్టె, ఒక కంప్యూటరు ఉన్న ఇంటి సంగతి. ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక టీవీ, పక్కింటి పెట్టె, ఎదురింటి పెట్టె అన్నీ ఒకే గాలిలో మాట్లాడుతుంటే ఏమవుతుంది? బిట్రగుంటలో ఈ ప్రశ్నకు జవాబు సులువుగా చెప్పవచ్చు, ఎందుకంటే ఇక్కడ లైన్ క్లియర్ అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కర్లేదు. బ్లాక్ పద్ధతిలో బిట్రగుంట నుంచి అల్లూరు రోడ్డుకు బండి వదలాలంటే అవతలి స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ ఇవ్వాలి. ఆ రెండు స్టేషన్ల మధ్య ఆ లైను మీద ఒక సమయంలో ఒకటే బండి. వైఫైలోనూ ఒక ఛానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. తేడా ఏమిటంటే ఇక్కడ లైన్ క్లియర్ ఇచ్చే మాస్టరు లేడు. ప్రతి పరికరమూ ముందు చెవి పెట్టి వింటుంది. నిశ్శబ్దంగా ఉంటే, ఎన్ని క్షణాలు ఆగాలో తనలో తాను చీటీ తీసుకుని, అంతసేపు ఆగి, అప్పుడు పంపుతుంది. అవతలి నుంచి అందిందన్న జవాబు రాకపోతే ఎక్కడో గుద్దుకుందని అనుకుని, ఈసారి ఇంకా పెద్ద అంకెల్లోంచి చీటీ తీసుకుని మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఈ క్షణాలను కొలిచేది మైక్రోసెకన్లలో. 1971లో హవాయి దీవుల్లో నార్మన్ ఏబ్రమ్సన్ బృందం నడిపిన అలోహానెట్‌లో కంప్యూటర్లు వినకుండానే పంపేవి, గుద్దుకుంటే మళ్ళీ పంపేవి. ముందు వినే అలవాటు తర్వాతి వాళ్ళు చేర్చారు.

ఈ పద్ధతిలో ఒక లొసుగుంది. ముందు గదిలోని ఫోనుకూ పెరట్లోని ఫోనుకూ మధ్య నాలుగు గోడలుంటే ఒకటి మాట్లాడేది ఇంకొకదానికి వినపడదు. రెండూ నిశ్శబ్దమే అనుకుని ఒకేసారి పంపుతాయి, మధ్యలో ఉన్న పెట్టెకు రెండూ అర్థం కావు. ఇంకొక కష్టం, దూరంగా ఉండి నెమ్మదిగా మాట్లాడే పరికరం. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు కంప్యూటరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అంటే అదే పాఠానికి అది లైను మీద ఎక్కువసేపు ఉంటుంది, వెనక బళ్ళన్నీ ఆగిపోతాయి. వెనక గదిలోని ఒక్క బలహీనమైన కంప్యూటరు వల్ల పెట్టె పక్కనే కూర్చున్నవాళ్ళకు కూడా నెట్ మందగిస్తుంది. పెట్టెను ఇంటి మధ్యలోకి తేవడం అందరికీ లాభమని చెప్పేది ఇందుకే.

అందుచేత పెట్టె ఇంటి నడిమధ్యన, ఛాతీ ఎత్తుకు పైన, లోహానికి దూరంగా ఉండాలి. టీవీ వెనక వద్దు, నేల మీద వద్దు, చెక్క అలమరలో పెట్టినా తలుపు మూయవద్దు. వేడి కూడా దానికి శత్రువే. ఫైబర్ బిగించడానికి వచ్చినతన్ని తీగ ఇంకో పది మీటర్లు లోపలికి లాగమంటే కొంచెం ఖర్చవుతుంది. ఆ ఖర్చు తర్వాత కొనే ఏ రిపీటరు కన్నా మేలైనది. రిపీటరు సాధారణంగా విన్నదాన్నే తిరిగి అదే ఛానల్ మీద చెబుతుంది కాబట్టి సగం సమయం అక్కడే పోతుంది. మందపాటి గోడల ఇంట్లో రెండో పెట్టె తప్పదనుకుంటే, దాని దాకా లాన్ తీగ లాగి పెట్టుకోవడమే సరైన పని.

ఈ రేడియో కేంద్రానికి లైసెన్సు ఎందుకు అడగరన్న అనుమానం రావచ్చు. ఒకప్పుడు మన దేశంలో రేడియో సెట్టు వినడానికి కూడా లైసెన్సు ఉండేది. 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ దాకా, తక్కువ బలంతో వాడుకునేవాళ్ళకు లైసెన్సు అక్కర్లేదని నియమాలు తెచ్చింది. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 605 మెగాహెర్ట్జ్ అలాగే వదిలింది. ఉచితంగా అందరికీ వదిలినప్పుడు రద్దీ తప్పదు. 2.4లో 13 ఛానళ్ళు ఉన్నా అవి ఒకదాని మీదకొకటి పొర్లుతుంటాయి. నిజంగా విడివిడిగా ఉండేవి 1, 6, 11 అనే మూడే. పక్కింటివాళ్ళు 6 మీద ఉంటే మీరు 1కో 11కో వెళ్ళండి. 7కు మాత్రం వెళ్ళకండి. పూర్తిగా అదే ఛానల్ అయితే ఒకరి మాట ఒకరికి వినపడి వంతులు పాటిస్తారు, సగం కలిసిన ఛానల్ అయితే అది వట్టి రొద. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు చాలా ఉంది గానీ గోడ దాటే శక్తి తక్కువ. పెట్టె ఉన్న గదిలో దాన్ని వాడండి, దూరపు గదికి 2.4 వాడండి. ఇక్కడొక తీరప్రాంతపు సంగతి చెప్పాలి. శ్రీహరికోటలో రాకెట్ల వెంట చూపు నిలిపే సీ-బ్యాండ్ రాడార్లు, కొన్ని రకాల వాతావరణ రాడార్లు ఈ 5 గిగాహెర్ట్జ్ ఇరుగుపొరుగునే పనిచేస్తాయి. అందుకే చాలా రూటర్లు ఆ మధ్య ఛానళ్ళలో ముందు రాడారు కోసం ఒక నిమిషం విని, అది వినిపిస్తే వెంటనే ఛానల్ వదిలేసేలా తయారై వస్తాయి.

కంప్యూటరు వైపు చూద్దాం. ల్యాప్‌టాప్‌లో వైఫై లోపలే ఉంటుంది. పాత డెస్క్‌టాప్‌లో ఉండదు, యూఎస్‌బీ డాంగిల్ కొనాలి. దాన్ని సీపీయూ వెనక దూర్చడం మామూలు అలవాటు. ఒక పక్క ఇనుప పెట్టె, ఇంకో పక్క గోడ, పాపం దానికి ఊపిరాడదు. ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ పెట్టి డాంగిల్‌ను టేబుల్ మీదకు తెస్తే చాలాసార్లు సమస్య అక్కడితో తీరిపోతుంది. పక్కనే యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ ఉంటే ఇంకా దూరంగా జరపండి. ఆ రకం యూఎస్‌బీ పనిచేసేటప్పుడు 2.4 పట్టీలో రొద విడుదల చేస్తుందని ఇంటెల్ సంస్థే 2012లో కొలిచి చెప్పింది. టేబుల్ మీంచి కదలని కంప్యూటరుకు నా ఓటు లాన్ తీగకే. వంద మీటర్ల దాకా గిగాబిట్ వేగం, ఎవరితోనూ వంతులు లేవు.

గోడలు ఎంత మందంగా ఉన్నా సిగ్నల్ వీధిలోకి కొంత పోతుంది. దాన్ని ఆపేది పాస్‌వర్డే. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్ళకు ముందు వెళ్ళిన బెదిరింపు మెయిల్ నవీ ముంబయిలోని ఒక ఇంటి వైఫై నుంచి వెళ్ళినట్టు తేలింది. ఆ ఇంటివాళ్ళకు తెలియకుండా వాళ్ళ నెట్‌ను ఎవరో వాడుకున్నారు. వైఫైకి తాళం వేసే పాత వెప్ పద్ధతి 2001లోనే బద్దలైంది. ఇప్పుడు డబ్ల్యూపీఏ2 గానీ, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలి. పాస్‌వర్డ్ 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే ఊహించడం కష్టం, గుర్తుంచుకోవడం సులువు. ఇంటి ఫోను నంబరు వద్దు, పిల్లల పేర్లు వద్దు. పెట్టె లోపలి సెట్టింగులకు వేరే పాస్‌వర్డ్ ఉంటుంది. ఫ్యాక్టరీ ఇచ్చినదాన్ని అలాగే ఉంచేయడం తలుపు వేసి తాళంచెవి గుమ్మానికే వదిలేయడం లాంటిది.

ఇన్ని చేశాక కూడా నెట్ మందగిస్తే, కంపెనీకి ఫోను చేసే ముందు ఒక్క పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్‌ను లాన్ తీగతో నేరుగా పెట్టెకు కలిపి వేగం చూడండి. తీగ మీద డబ్బులు కట్టినంత వేగం వస్తే లోపం గాలిలో ఉంది, అంటే మీ ఇంట్లో ఉంది. తీగ మీద కూడా రాకపోతే కంపెనీ జవాబు చెప్పాలి. పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంటే వెలుగే రావడం లేదు, తీగ ఎక్కడో తెగి ఉండవచ్చు.

ఈ తీరంలో తీగ తెగడం అరుదు కాదు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటే ముందు మిచాంగ్ తుఫాను నెల్లూరు తీరాన్ని ఆనుకునే పైకి వెళ్ళింది. అలాంటి గాలుల్లో స్తంభం వాలితే దాని మీది ఫైబర్ కూడా పోతుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోనుకు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల కరెంటు వచ్చేది కాబట్టి ఊరంతా చీకటైనా అది మోగేది. గాజు తీగ కరెంటు మోయదు. ఇంట్లో కరెంటు పోతే పెట్టె ఆరిపోతుంది. దానికి సరిపడే చిన్న యూపీఎస్ ఒకటి కొనుక్కుంటే కొన్ని గంటలు నడుస్తుంది. గాజు కరెంటు మోయదు కాబట్టి పిడుగు ఆ గాజు వెంట ఇంట్లోకి రాదు. కానీ గోడ ప్లగ్గులోని ఎడాప్టరు వెంట వస్తుంది, రాగి లాన్ తీగ వెంట కంప్యూటరు దాకా పోతుంది. ఉరుములు మొదలైనప్పుడు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకేయండి, లాన్ తీగ కూడా తీసేయండి.